మెడ మీద ముగ్గు

మనిషి మెడను చూసి ఆశ్చర్యపోవడం నాకు ముప్పై ఏళ్ళు దాటాక మొదలైంది. ఇప్పటికీ ఆగలేదు. బస్సులో ముందు సీటు మనిషి తల పక్కకు తిప్పితే చాలు, చెవి వెనక నుంచి గొంతు గుంట దాకా దిగే కండ ఎంత లావుంది, దాని మీదుగా నరం ఎక్కడ దాటుతోంది అని నా కళ్ళు వెతుక్కుంటాయి. ఒకసారి హరూర్ బస్సులో ఒకాయన వెనక్కి తిరిగి, "ఏమ్మా, నా మెడలో గొలుసు ఉండాదని చూస్తుండావా?" అని కోప్పడ్డాడు. ఆయన మెడలో గొలుసు లేదు. గొలుసు కంటే గొప్పది ఉంది. ఎడమ పక్క నరం ఒకటిగా బయలుదేరి, మధ్యలో రెండుగా చీలి, మళ్ళీ ఒకటైంది! అటువంటిది నా పని కాలమంతా కలిపి రెండుసార్లే చూశాను. చెబితే కొడతాడేమోనని ఊరుకున్నాను కానీ, దిగేదాకా నా మనసు గంతులు వేస్తూనే ఉంది.

ఆసుపత్రుల్లో ఇప్పుడిప్పుడే ఆయాలుగా, నర్సులుగా చేరుతున్న పిల్లలకోసం ఇది రాస్తున్నాను. మీకు యంత్రాలున్నాయి. కొయ్యకముందే లోపలున్నదంతా తెర మీద చూపిస్తాయి. మాకు కిటికీలోంచి పడే ఎండ ఉండేది. ఆ ఎండలో ఎంత చూడొచ్చో మీకు ఎవరూ చెప్పి ఉండరు.

అరవైల చివర్లో ధర్మపురిలో ఒక డాక్టరుగారు సొంతంగా నడుపుతున్న ఇరవై పడకల ఆసుపత్రిలో నేను తుడిచే పనికి చేరాను. మా వాళ్ళు పాపిరెడ్డిపట్టి పక్క కూలి పనులు చేసుకునేవాళ్ళు. డాక్టరుగారిది ఎన్నో తరాలుగా ఆ ఊళ్ళో వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. బయట అంతా అరవమే అయినా నాతో మాత్రం ఆయన తెలుగులో మాట్లాడేవారు. అది మా పెద్ద సిస్టర్‌కు నచ్చేది కాదు. ఆమెది సేలం. "మీరిద్దరూ నా మీద చాడీలు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది నాకు" అనేది. ఆమె మాటలన్నీ అరవంలోవే, ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది పని మానేశాక, మా వీధిలోకి వచ్చిన హోసూరు టీచరమ్మ పుణ్యాన. అప్పట్లో నాకు వేలిముద్రే దిక్కు.

రెండేళ్ళకు నన్ను ఆపరేషన్ థియేటరుకు మార్చారు. చిత్తేరి కొండల పక్క ఊళ్ళ నుంచి గొంతుగడ్డలతో చాలామంది వచ్చేవాళ్ళు. కొందరికి నిమ్మకాయంత, కొందరికి కొబ్బరికాయంత. ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం వాళ్ళ మెడను సబ్బునీళ్ళతో కడగడం, వెంట్రుకలు తీయడం నా పని. ఆడవాళ్ళ మెడల మీద ఏళ్ళ తరబడి పూసుకున్న పసుపు పేరుకుని ఉండేది. అది వదిలేదాకా రుద్దాలి. రుద్దుతుంటే కొందరు ఏడ్చేవాళ్ళు, కొందరు నన్ను తిట్టేవాళ్ళు. ఏడ్చినా తిట్టినా మెడలో నరాలు లేచేవి. నేను చూసేదాన్ని. చూసి ఊరుకునేదాన్ని.

ఆ ఊరుకోవడం వల్లే ఒక రోజు ఒక ప్రాణం పోబోయింది.

కొండ కింది పల్లె నుంచి వచ్చిన ఒక రైతు. నేను క్షవరం చేస్తున్నప్పుడు వరండాలో అల్లుడు కనపడ్డాడు. అల్లుడు ఈయనకు చెప్పకుండా కోడెలను అమ్మేశాడట. ఈయన కుర్చీలోంచి లేచి అరవడం మొదలుపెట్టాడు. గడ్డం కింద నుంచి సరిగ్గా నడిమధ్యన ఒక నరం తాడులాగా పొంగి వచ్చింది. అబ్బో అనుకున్నాను. ఆయన్ను కూర్చోబెట్టి నా పని ముగించుకున్నాను. మర్నాడు థియేటర్లో ఆయనకు మత్తు ఇచ్చి, తల పక్క ఎత్తుగా ఉండేట్టు బల్ల వంచారు. డాక్టరుగారు గొంతు మీద అడ్డంగా గీత పెట్టారో లేదో, నెత్తురు ఒక్కసారిగా ఎగదన్నింది. వెంటనే బుస్సుమని ఒక శబ్దం. తెగిన నరంలోకి గాలి పోతున్న శబ్దమది. "తల దించండి! నీళ్ళు పొయ్యండి!" అని డాక్టరుగారు వేలితో నొక్కి పట్టుకుని కేకలు వేశారు. ఆ గాలి గుండెకు చేరితే మనిషి ఉండడని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు గడ్డ తీయలేదు. నరం కట్టి, కుట్లు వేసి పంపారు. రైతు బతికాడు.

డాక్టరుగారు వరండా బెంచీ మీద కూర్చున్నారు. "ముందు పక్క రెండు నరాలుండాల. ఈ మనిషికి ఒకటే, అదీ నట్టనడిమిట్ల, నా వేలంత లావు! ఎవురికి తెలుస్తాది?" అని సిస్టర్‌తో అంటున్నారు.

బకెట్టు పట్టుకుని అటు పోతున్న నేను ఆగిపోయాను. "నాకు తెలుసు సార్" అనేశాను.

"ఏం తెలుసు?"

"నిన్న అల్లుడి మీద అరిచినాడు సార్. అప్పుడు లేసింది. చూసినాను."

"మరి చెప్పలేదేం?"

"మీకు తెలీకుండా ఉంటుందా అనుకున్నాను సార్. చదువుకున్నోళ్ళు కదా."

సిస్టర్ నా మీదికి వచ్చింది. "ఆయా చెప్పాలి, డాక్టరు వినాలి! బాగుంది వరస!"

డాక్టరుగారు చెయ్యెత్తి ఆమెను ఆపారు. నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. "మత్తులో పడుకోబెట్టి తల ఎత్తి పెడితే నరాలు ఖాళీ అయిపోతాయి, కనపడవు. అరిస్తే నిండుతాయి. నేను ఆ మనిషిని మెలకువగా ఉన్నప్పుడు రెండు నిమిషాలు చూసినాను. నువ్వు గంట చూసినావు. ఈ పొద్దు నుంచి ప్రతి మెడా నువ్వు చూసి నాకు చెప్పాల" అన్నారు.

"నాకు చెప్పేకి రాదు సార్. వంకరటింకరగా పోతాయి."

"అయితే గీయి."

పలక ఇస్తే బలపం పట్టుకోవడం రాలేదు. పెరట్లో ముగ్గుపిండి డబ్బా ఉంది. థియేటరు బయట సిమెంటు నేల మీద రైతు మెడ వేశాను. గడ్డం, రెండు కండలు, నడిమిట్ల నరం. డాక్టరుగారు గొంతుక్కూర్చుని చూశారు. "ఇదే" అన్నారు.

ఆ తర్వాతి ఏడాది నా జీవితంలోకెల్లా సంబరమైన ఏడాది. రోజూ సాయంత్రం ఒక మెడ, నేల మీద ఒక ముగ్గు! రోగిని స్టూలు మీద కూర్చోబెట్టి అరవమనేదాన్ని, లేదా దమ్ము బిగబట్టమనేదాన్ని. డాక్టరుగారు తన లావుపాటి పుస్తకం తెచ్చి నా ముగ్గు పక్కన తెరిచి పెట్టేవారు. పుస్తకంలో మెడ ఎప్పుడూ ఒకటే. నా ముగ్గు ఏ రోజుకా రోజు వేరు. ఒకరికి ముందు నరం కుడిపక్క అసలు లేదు, ఎడమపక్కది రెండింతలు. ఇంకొకరికి రెండూ ఉన్నాయి కానీ రొమ్ము ఎముక పైన అడ్డంగా ఒక వంతెనలాంటి నరం వాటిని కలుపుతోంది. "చూడు చూడు!" అని ఆయన చిన్నపిల్లవాడిలా అరిచేవారు. సిస్టర్ కూడా, నాకేమీ పట్టదన్నట్టు దుప్పట్లు మడుస్తూ, ఒక కంటితో నేల వైపు చూసేది.

కండల సంగతి ఇంకా వింత. చెవి వెనక నుంచి దిగే కండ కింద రెండు పాయలవుతుంది. ఒకటి రొమ్ము ఎముకకు, ఒకటి కాలర్ ఎముకకు. రెండు పాయల మధ్య చిన్న గుంట ఉంటుంది. కొందరికి అది రెండు వేళ్ళు పట్టేంత వెడల్పు. కొందరికి గుంటే లేదు. "ఆ గుంటను చూసుకునే మేము లోపలి పెద్ద నరం ఎక్కడుండాదో అంచనా కట్టేది. ఆనవాలే మారిపోతే దారి తప్పిపోతాము" అని డాక్టరుగారు చెప్పారు. ఇక నాకు సంతలో కూరగాయలు కనపడటం మానేశాయి. మూటలు మోసేవాళ్ళ మెడలు, కూత్తు అనే వీధినాటకాల్లో రాత్రంతా పాడి గొంతు పోయిన కళాకారుల మెడలు, బస్టాండులో ఊర్ల పేర్లు అరిచే కండక్టర్ల మెడలు. కండక్టర్లవి అన్నిటికంటే మంచివి.

ఇంత తెలిసిపోయిందని గర్వపడుతున్న రోజుల్లోనే హొగేనక్కల్ నుంచి ఆమె వచ్చింది.

ఆమె జలపాతం దగ్గర చేపలు వేయించి అమ్మేది. భర్త పుట్టి నడిపేవాడు. ఆమె గొంతుగడ్డ మరీ పెద్దది కాదు కానీ లోపలికి పెరిగి గాలిగొట్టాన్ని నొక్కుతోంది. పడుకుంటే ఊపిరి ఆడదు. ఆరు నెలలుగా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతోందట. ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వినపడేది. డాక్టరుగారు భర్తను పక్కకు పిలిచి, "తీయకపోతే ఇంకో నెల కూడా కష్టమే. తీసేటప్పుడూ కష్టమే. రెండూ చెప్తుండాను" అన్నారు. భర్త తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

ఆమెకు మాత్రం భయమున్నట్టు కనపడలేదు. మొదటి రోజే నన్ను వదినా అని పిలిచింది. "వదినా, నేను పోతే నా పెనం మా ఆడబిడ్డకు ఇయ్యొద్దని మా ఆయనకు చెప్పు. అది నూనె మార్చదు."

"నువ్వే పోయి వేయించుకో. నేనెందుకు చెప్పేది?"

"అట్లయితే మంచిది. నన్ను బాగుచేసి పంపు, నీకు పెద్ద చేప."

ఆపరేషన్‌కు ముందురోజు డాక్టరుగారు ఒక రోగిని చూడటానికి హరూర్ పోవాల్సి వచ్చింది. సేలం నుంచి వచ్చే మత్తు డాక్టరు పొద్దున్నే వచ్చి పదకొండు గంటల బస్సుకు తిరిగి పోవాలి. "నీ ముగ్గు చూసేకి నాకు టైముండదు. ఈసారి నేల మీద వద్దు, ఆమె మెడ మీదనే నీలిమందుతో గీయి. నేను నేరుగా థియేటరుకు వస్తాను" అన్నారు. నీలిమందు అంటే పుండ్లకు పూసే ఊదారంగు మందు. కడిగినా రెండు మూడు రోజులు పోదు.

పడమటి కిటికీ దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టాను. మెడ కడిగి, తల కుడికి తిప్పమని గడ్డానికి నా చెయ్యి అడ్డం పెట్టి నెట్టాను. అప్పుడు లేచింది ఎడమ కండ. రెండు పాయలు కాదు, మూడు! గుంట ఉండాల్సిన చోట మూడో పాయ బిగుసుకుని నిలబడింది. అటువంటిది నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

"అరువు" అన్నాను.

"ఇంతమంది ముందరనా? రేపు కొయ్యబోయే గొంతు, ఈ పొద్దు అరిపించేది మంచిది కాదు వదినా."

పక్క మంచం మీద కాలికి కట్టుతో ఒక అవ్వ ఉంది. ఆమె కూడా, "దాన్ని ఏమిటికి అరిపిస్తావు, పాపం" అంది. సరే, దమ్ము బిగబట్టమన్నాను. బిగబట్టింది. నరం లేచింది. దవడ కింద నుంచి దిగి, మూడో పాయ వెనక దూరి, బయటికి వచ్చి, గొంతు గుంట పైన అడ్డంగా మలుపు తిరిగి కుడివైపు పోయింది. కుడి పక్కన ఏమీ లేదు. ఇది చాలనుకున్నాను. అగ్గిపుల్లకు దూది చుట్టి, నీలిమందులో ముంచి, దారి అంతా గీశాను. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. నిజం చెబుతున్నాను, నాకు చాలా ముచ్చటేసింది. రాత్రి డ్యూటీ ఆయాతో, "ఉడకబెట్టిన తువ్వాలు చుట్టు" అని చెప్పి ఆఖరి టౌన్ బస్సుకు పరుగెత్తాను. మందు సీసా, పుల్ల కిటికీలోనే ఉండిపోయాయి.

పొద్దున థియేటర్లో ఆమెను బల్ల మీద పడుకోబెట్టారు. ఊపిరి ఆడదని సగం కూర్చున్నట్టే ఎత్తి పెట్టారు. మత్తు డాక్టరు ఆమె ముక్కు మీద గుడ్డ చుట్టిన జల్లెడ పెట్టి రెండు చుక్కలు ఈథర్ వేశారు. సిస్టర్ తువ్వాలు విప్పింది.

అందరం ముందుకు వంగి చూశాం.

ఆమె మెడ మీద ఒక చక్కటి ముగ్గు ఉంది. నేను ఎడమ పక్క గీసిన గీత ఎట్లా ఉందో కుడి పక్క కూడా అట్లాంటిదే. నా గీత మలుపు తిరిగి కుడికి పోతే, దానికి జతగా ఇంకొకటి ఎడమకు పోయింది. రెండూ గొంతు గుంట పైన కత్తెరలాగా కలుసుకున్నాయి. సందుల్లో సమానంగా చుక్కలు. ఒక్క చుక్క కూడా తప్పిపోలేదు.

"ఇదేమి?" అన్నారు డాక్టరుగారు.

జల్లెడ కింద నుంచి ఆమే చెప్పింది. "పక్క మంచం అవ్వ సార్. సగం ముగ్గు వదిలేస్తే ఇంటికి మంచిది కాదంట. రేపు కత్తి కింద పోయే పిల్ల, ఇట్ల వదిలేది ఎట్లా అని పూర్తి చేసింది."

మత్తు డాక్టరు నవ్వారు. "బాగా వేసింది. ఇక కొయ్యండి, నాకు బస్సుంది."

"ఇందులో నీది ఏది?" డాక్టరుగారు నా వైపు తిరిగారు.

"ఎడమ పక్క సార్."

"ఎవురి ఎడమ? నీదా, ఆమెదా?"

నేను ఆమెకు ఎదురుగా కూర్చుని గీశాను. ఇప్పుడు తల వెనక నిలబడి ఉన్నాను. కింద కత్తెర పడిన చోట ఏ గీత ఎవరిదో రంగులో తేడా లేదు. మూడు పాయలు ఉన్న పక్క నాదని చెప్పొచ్చు కదా అని మీరంటారు. ఇప్పుడు నేనూ అంటాను. ఆ నిమిషంలో నా ఎడమ చెయ్యి ఏదో నాకే తెలియలేదు. తెలిసినట్టు చెబితే ఆయన నమ్మి కోస్తారు. రైతు గొంతులోంచి వచ్చిన బుస్సుమనే శబ్దం నా చెవిలో ఉంది. ఈమెకు ఉన్నదే చిటికెడు ఊపిరి.

థియేటర్లో ఆయా తనను అడిగితేనే జవాబు చెప్పాలి, అంతకు మించి నోరు తెరవకూడదు. తెరిచాను. "సార్, మత్తు ఆపండి. లేపి కూర్చోబెట్టండి. నేను నిన్న అరిపించలేదు. ఇప్పుడు అరిపించాల."

"థియేటర్లో అరుపులా!" అంది సిస్టర్.

"మొదలుపెట్టిన మత్తును ఎవరైనా ఆపుతారా?" అన్నారు మత్తు డాక్టరు.

డాక్టరుగారు నా ముఖం చూశారు. ఆయన కళ్ళలో కోపం ఉంది, నా మీదో, ఆ మెడ మీదో తెలియదు. "జల్లెడ తీయండి" అన్నారు. "లేపండి."

కూర్చోబెట్టి వీపు పట్టుకున్నాను. ఆమె తూలుతోంది. "ఏమని అరవాల వదినా?"

"బస్సు దిగినోళ్ళను ఎట్ల పిలుస్తావు? అట్ల."

"ఈడ ఎవురు కొంటారు?"

"నేను కొంటాను. పిలువమ్మా" అన్నారు డాక్టరుగారు.

ఆమె కళ్ళు మూసుకుంది. ఈల వేస్తున్న ఊపిరినే నిండా లాగి, "మీనే... పొరిచ్చ మీనే! సూడాన మీనే!" అని అరిచింది. వేయించిన చేప, వేడి చేప అని ఆ కేక గోడలకు తగిలి తిరిగొచ్చింది. బయట భర్త తలుపు బాదడం మొదలుపెట్టాడు. "ఏమయ్యింది? ఏం చేస్తుండారు దాన్ని?" సిస్టర్ తలుపు సందులోంచి, "నీ పెళ్ళాం చేపలు అమ్ముతోంది, కూర్చో!" అని మూసేసింది.

మాకు అదేమీ పట్టలేదు. ఎందుకంటే నరం లేచింది! నిన్న దమ్ము బిగబడితే దారంలా కనపడినది ఈ కేకకు చిటికెనవేలంత అయింది. ఎడమ పక్కనే, మూడో పాయ వెనక దూరి బయటికి వచ్చింది. కుడి పక్క శుభ్రంగా ఉంది. కానీ గొంతు గుంట పైన అది అవ్వ గీసిన చోట దాటలేదు. నేను గీసిన చోటా దాటలేదు. నా గీతకు ఒక వేలు కింద నుంచి పోతోంది. దమ్ము బిగబట్టినంత మాత్రాన అది సగమే నిండింది. పైన పోయే సన్నటి కొమ్మను చూసి అసలుదనుకుని గీసి, మురిసిపోయి, బస్సెక్కాను.

డాక్టరుగారి వేలు ఆ చోటికి పోయి ఆగింది. "నీ గీత తప్పించి సరిగ్గా ఈడ కోసేవాణ్ణి" అన్నారు మెల్లగా. "ఖాళీగా ఉండాదని."

అవ్వ ముగ్గు పూర్తి చేయకపోయి ఉంటే నన్ను ఎవరూ అడిగేవాళ్ళు కాదు. నా గీతను నమ్మేవాళ్ళు.

"ఇంకొకసారి పిలువమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆమె రెండోసారి ఇంకా గట్టిగా అరిచింది. ఈసారి సిస్టర్ తనే స్పిరిటు దూదితో పాత గీతలు పోయినంత తుడిచి, నీలిమందులో ముంచిన పుల్ల నా చేతికిచ్చింది. "కింద నుంచి గీయి. నేను కూడా చూస్తున్నాను" అంది. గీశాను.

తర్వాత జరిగింది చెప్పడానికి తక్కువ, చూడటానికి ఎక్కువ. కోత పెట్టి చర్మం ఎత్తగానే డాక్టరుగారు మొదట ఆ నరాన్ని వెతికారు. గీత కిందనే దొరికింది. రెండు చోట్ల దారంతో కట్టి, నడుమ కత్తిరించారు. గుడ్డ మీద ఒక చుక్క పడింది, అంతే. మూడో పాయను కొయ్యకుండా వేలితో పక్కకు నెట్టి సిస్టర్‌ను పట్టుకోమన్నారు. "ఇది తెలియకపోయుంటే దీన్నే మామూలు పాయ అనుకుని దీని వెనక పోయేవాణ్ణి. అక్కడ పెద్ద నరం ఉండాది" అన్నారు, ఎవరితో అన్నారో. గడ్డ బయటికి వచ్చినప్పుడు ఆమె ఊపిరిలో ఈల ఆగిపోయింది. మేమందరం విన్నాం. ఆగిపోయిన శబ్దాన్ని వినడం నాకు అదే మొదటిసారి. పదకొండు గంటల బస్సు పోయింది. మత్తు డాక్టరు గడియారం వైపు చూడనే లేదు.

గొంతు ఆపరేషన్ అయ్యాక రోగి చేత మాట్లాడించాలి. గొంతు పోయిందో ఉందో అప్పుడే తెలుస్తుంది. సాయంత్రానికి ఆమె కళ్ళు తెరిచి, రెండుసార్లు వాంతి చేసుకుని, మంచం పక్కన నిలబడ్డ డాక్టరుగారిని చూసి, బొంగురుగా అంది: "ఎన్ని కావాల సార్?"

ఆయన వరండాలోకి పోయి ఆమె భర్తను లోపలికి పంపారు.

నేను అవ్వ దగ్గరికి పోయాను. పొద్దున్నుంచి ఆమెను కడిగేయాలని మాటలు కూడబెట్టుకుని ఉన్నాను. ఆమె కాలు చాపుకుని నా వైపు నిష్ఠూరంగా చూసింది. "చుక్కలు కూడా పెట్టకుండా పోతివి. మీ అమ్మ నేర్పించలేదా?"

"లేదవ్వా" అన్నాను. రెండు రోజులు ఆమెకు నా ఇంటి నుంచి చారు తెచ్చి పోశాను.

నాలుగో రోజుకు హొగేనక్కల్ ఆమె లేచి కూర్చుంది. ఆరు నెలల తర్వాత వెల్లకిలా పడుకుని నిద్రపోయానని వచ్చినవాళ్ళకల్లా చెబుతోంది. నన్ను పట్టుకుని, "నా మెడలో ఏమో ఎక్కువ ఉండాదంటనే?" అని అడిగింది. మూడో పాయ సంగతి చెప్పాను.

"ఎవురికీ లేదా?"

"నేను చూసిన వాళ్ళల్లో లేదు."

"దాన్ని కోసి పారేసినారా?"

"లేదు. పక్కకు జరిపి, మళ్ళీ దాని చోట పెట్టేసినారు."

"సరి సరి" అని తృప్తిగా ఎడమ పక్క తడుముకుంది. అంతటితో ఊరుకుంటే ఆమె ఆమె కాదు. అవ్వను పిలిచి, "నీకు ఎన్ని ఉండాయి చూస్తాను, తల తిప్పు" అంది. అవ్వకు రెండే. ఎదుటి మంచం బాలింతకు రెండే. అటు చివర జ్వరం మనిషి, నాకూ చూడు అంది. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చేసరికి ఆడవాళ్ళ వార్డంతా గడ్డాలు పక్కకు తిప్పుకుని, తమ మెడల మీద తామే వేళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

సిస్టర్ అరవబోయింది. డాక్టరుగారు వద్దన్నట్టు తల ఊపారు. మంచాల మధ్య నుంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, చొక్కా పైబొత్తాం విప్పి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

"నాది ఎట్లుండాదో చూడు" అన్నారు.

చూశాను. కుడి పక్క నరం దారంలా కనపడింది. ఎడమ పక్కది కనపడలేదు.

"దమ్ము బిగబట్టండి సార్" అన్నాను.

ఆయన బిగబట్టారు. ఆయనతో పాటు వార్డంతా బిగబట్టింది.